ఈల వేసి ఆగండి

అక్టోబరు నెలలో ఆ ఊళ్లో ఎవరూ చావకూడదు. చస్తే మొయ్యడానికి నలుగురు మగవాళ్లు దొరకరు. పన్ను నొప్పి రాకూడదు, ఇంటి కప్పు కారకూడదు. సెప్టెంబరు చివర సెయింట్ మిషెల్ పండుగ వెళ్లిందంటే చాలు, మగవాళ్లందరూ పైన్ అడవిలోకి పోయి గువ్వల్ని పట్టే మాటుల్లో దూరతారు. మళ్లీ నవంబరులో సెయింట్ మార్టిన్ పండుగ వచ్చేదాకా వాళ్లకి పెళ్లాం లేదు, పిల్లల్లేరు, చర్చి లేదు. ఉత్తరాది చలికి తాళలేక పిరనీస్ కొండలు దాటి స్పెయిన్ పోయే అడవి గువ్వలు ఆ అడవి మీదుగానే పోతాయి మరి. ఆ గువ్వ ఒళ్లు నీలంగా ఉంటుంది కాబట్టి ఈ రోగానికి నీలి జ్వరం అని పేరు పెట్టారు. డాక్టరుకి చూపిద్దామా అంటే ఆయన ఇంకో మాటులో ఉంటాడు.

సోలాంజ్ ఆ జ్వరం ఉన్న తండ్రికి పుట్టింది, పెరిగి పెద్దదై ఆ జ్వరమే ఉన్న అర్మాన్‌ని చేసుకుంది. తెలిసి తెలిసి కొరివితో తల గోక్కున్నానని తనే అంటుంది. కూతురు సిల్వీ పుట్టింది కూడా అక్టోబరులోనే. అర్మాన్ ఆసుపత్రికి మూడో రోజున వచ్చాడు, జుట్టులో ఎండుటాకులతో, నర్సమ్మకి ఇద్దామని చేతిలో రెండు గువ్వలతో. బిడ్డ బాప్తిస్మం నవంబరుకి పోయింది. ఆ తర్వాత సిల్వీ సైకిలు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నా, బడిలో నాటకం వేసినా, ఏదైనా సరే, "మార్టిన్ పండుగ వెళ్లాక చూద్దాంలే" అనేవాడు. ఈ మార్టిన్ అనేవాడు నాన్నకి పై అధికారి కాబోలని సిల్వీ చిన్నప్పుడు చాలాకాలం అనుకునేదట.

అలాంటి సిల్వీ పెళ్లి అక్టోబరు పద్దెనిమిదిన పెట్టుకుంది. అంటే సాక్షాత్తూ సెయింట్ లూక్ పండుగ రోజున. లూక్ పండుగకి గువ్వల వాన అని ఆ ప్రాంతంలో సామెత. ఏడాది మొత్తం మీద పెద్ద గుంపులు దిగేది ఆ రెండు మూడు రోజులే. పెళ్లికొడుకు బెన్వాది లిల్, ఉత్తరాన ఎక్కడో బెల్జియం పక్కన. అతనికి లూకూ తెలియదు, మార్టినూ తెలియదు. సెలవు ఎప్పుడు దొరికితే అప్పుడు పెళ్లి అనుకునే అమాయకుడు. కానీ సిల్వీకి తెలుసు. తెలిసే పెట్టింది. తేదీ విని అర్మాన్ చాలాసేపు బల్ల మీది రొట్టె ముక్కలు ఏరుతూ కూర్చుని, వేరే శనివారమే దొరకలేదా అని అడిగాడు. దొరకలేదంది సిల్వీ.

ఆ బెన్వా కూడా మొదటి భోజనంలోనే కొంప ముంచుకున్నాడు. సోలాంజ్ ఎర్ర వైన్‌లో ఉడికించిన గువ్వ కూర వడ్డిస్తే, రుచి చూసి, చాలా బాగుందండీ, మా వైపు పావురాల్ని ఎవరూ ఇంత బాగా వండరు అన్నాడు. పావురం. అర్మాన్ ఫోర్కు కింద పెట్టేశాడు. టౌన్ హాలు గోడ మీద కూర్చుని రెట్ట వేసేదాన్ని పావురం అంటారనీ, ఇది గువ్వ అనీ, రెండింటికీ తేడా తెలియనివాడికి పిల్లనెలా ఇవ్వడమనీ, ఆ రాత్రి పడుకున్నాక కూడా సోలాంజ్ చెవిలో గొణుగుతూనే ఉన్నాడు. పిల్లనిచ్చేది నువ్వు కాదు, అది ఎప్పుడో వెళ్లిపోయింది, పడుకో అని సోలాంజ్ అటు తిరిగింది.

పెళ్లి ముందు రోజు రాత్రి విందులో మాత్రం వియ్యంకుడు దొరికాడు. పాపం, మాట కలుపుదామని, ఈ గువ్వల్ని ఎలా పడతారండీ అని అడిగాడాయన. అంతే. అర్మాన్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. బట్టలు మట్టిరంగువి వెయ్యాలి, తెలుపు అసలు పనికిరాదు. గువ్వలు నెత్తిమీదికి వస్తే తల పైకెత్తకూడదు, మనిషి మొహం ఆకాశంలోంచి పళ్లెంలా మెరుస్తుంది, దించుకోవాలి. గాలి ఆకుల్ని కదిపినప్పుడే మనమూ కదలాలి. చెట్ల కొసన కట్టిన దీమపు గువ్వల్ని, అంటే మనం పెంచుకున్నవాటిని, తాళ్లు లాగి రెక్కలు కొట్టించాలి. పైనుంచి పోయేవి వాటిని చూసి, అక్కడేదో తిండి ఉందనుకుని తిరుగుతాయి. మొదట వాలినదాన్ని చూసి తొందరపడ్డవాడు వెధవ, అది వేగు చూసిపోడానికి వచ్చింది, మిగతావి రానివ్వాలి. అన్నీ కొమ్మల మీద కుదురుకుని, ఒకదాన్ని చూసి ఒకటి మనం చల్లిన జొన్నల కోసం నేల మీదికి దిగాక, అప్పుడు వల లాగాలి. వియ్యంకుడు ఫోర్కు గాల్లో పట్టుకుని అంతా విన్నాడు. విని, ఇంతా చేస్తే ఎన్ని పడతాయండీ అన్నాడు. బల్ల చుట్టూ ఉన్న ఊరివాళ్లంతా ఒక్కసారి చప్పుడు ఆపేశారు. అలాంటి ప్రశ్న ఎవరూ అడగరు.

ఆ రాత్రే సిల్వీ తండ్రిని వంటింట్లోకి పిలిచింది. రేపు వెళ్లొద్దు నాన్నా అంది. దీమపు గువ్వలకి నీళ్లూ గింజలూ పెట్టి వచ్చేస్తానన్నాడు అర్మాన్, అవి నోరులేని జీవాలు, కళ్లకి గంతలు కట్టి ఉంటాయి, వాటంతట అవి తినలేవు. చిన్నాన్న కొడుకు మార్సో ఉన్నాడుగా అంది సిల్వీ. మార్సో చేత్తో పెడితే 'మదాం' తినదన్నాడు. మదాం అంటే అతని దీమాల్లోకెల్లా మంచిదైన ఆడ గువ్వ. దాంతో మాట్లాడినంత మెత్తగా ఆ మనిషి పెళ్లాంతో ఏనాడూ మాట్లాడి ఎరగడు.

"పది దాటకుండా ఇంట్లో ఉంటాను. నీ మీద ఒట్టు," అన్నాడు.

"నా మీద వద్దు," అంది సిల్వీ. "మదాం మీద వెయ్యి, నమ్ముతాను."

అర్మాన్ వెయ్యలేదు. సిల్వీ చెప్పింది. "మూడింటికి నువ్వు టౌన్ హాలు మెట్ల మీద ఉండాలి. లేకపోతే నేనొక్కదాన్నే లోపలికి నడుస్తాను. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా నాకు అక్కర్లేదు. మార్టిన్ పండుగకి కూడా."

సోలాంజ్ పక్కనే గిన్నెలు తుడుస్తూ విన్నది. ఆ పిల్ల ఉత్తుత్తి బెదిరింపులు బెదిరించదు. తండ్రి మొండితనం, తల్లి నోరు రెండూ వచ్చాయి దానికి. లిల్ వెళ్లిపోతే పండక్కీ పబ్బానికీ కూడా ఇటు తిరిగి చూడదని సోలాంజ్‌కి తెలుసు, అందుకే ఆ రాత్రి నిద్రపట్టలేదు.

మర్నాడు తెల్లవారకముందే అర్మాన్ పోయాడు. పది దాటింది. లిల్ నుంచి వచ్చినవాళ్లంతా ముస్తాబై వాకిట్లో పచార్లు చేస్తున్నారు. అర్మాన్ కోటు, ప్యాంటు, టై, ఇస్త్రీ చేసిన చొక్కా కుర్చీకి వేలాడుతున్నాయి. భోజనాల వేళ అయింది. సోలాంజ్ ఫోను చేసింది. మాటులోకి పోయినవాళ్లు ఫోన్లు కట్టేసి బిస్కెట్ల డబ్బాలో పెట్టేస్తారు, చేస్తే ఏం లాభం, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. అయినా చేసింది, తిట్టుకుంటూ మళ్లీ చేసింది. వియ్యపురాలు వచ్చి, మీవారు ఇంకా రాలేదా అని ముద్దుగా అడిగింది. దార్లో ఉన్నారండీ అని సోలాంజ్ నవ్వింది. ఆ నవ్వుకి దవడలు నొప్పెట్టాయి.

మేయరు గారు కూడా ఏదో మాటులోనే ఉన్నాడట. పెళ్లి చేసేది ఉప మేయరు, ఆవిడకి ఈకలు పడవు, అందుకని ఆ ఊళ్లో అక్టోబరులో ఏ పని జరగాలన్నా ఆవిడే దిక్కు. ఉప మేయరు ఫోను చేసి, మూడింటి పెళ్లి తర్వాత ఇంకో జంట ఉంది, ఆలస్యమైతే నేనేం చెయ్యలేనమ్మా అంది. సిల్వీ గదిలోంచి బయటికి రాలేదు, ఏమీ అడగలేదు కూడా. అడిగితే బాగుండుననిపించింది సోలాంజ్‌కి.

ఇక లాభం లేదని ఆ బట్టలన్నీ కారు వెనక సీట్లో పడేసి తనే బయలుదేరింది.

దారి పొడుగునా తిట్టింది. మొగుణ్ణి తిట్టింది, మార్సోని తిట్టింది, చచ్చి స్వర్గాన ఉన్న తండ్రిని తిట్టింది, మదాంని కూడా వదల్లేదు. అడవి మొదట్లో మగవాళ్ల కార్లు గువ్వలకి కనబడకుండా వలగుడ్డల కింద దాచి ఉన్నాయి. అక్కడ ఆపి దిగింది. పెళ్లికని కొనుక్కున్న గులాబీరంగు గౌను, దానికి జోడు టోపీ, మడమ ఎత్తు చెప్పులు. రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి, టోపీ తీసి కార్లో పెట్టింది. డిక్కీలోంచి అర్మాన్ పాత ఆకుపచ్చ కోటు తీసి గౌను మీద వేసుకుని మెడదాకా బొత్తాలు పెట్టుకుంది. ఎందుకలా చేస్తున్నానని ఆలోచించను కూడా లేదు, చేతులు వాటంతట అవే చేశాయి.

ఇసక దారి. చెప్పులు దిగబడుతున్నాయి. చివరికి ఓక్ చెట్టుకి కొట్టిన చెక్క బోర్డు దగ్గరికి వచ్చింది. దాని మీద అర్మాన్ చేతిరాతతో ఉంది: ఈల వేసి ఆగండి.

అక్కడి కట్టుబాటు అది. మాటు అంటే నేల మీద కొమ్మలూ ఫెర్న్ ఆకులూ కప్పిన సొరంగాలు, మధ్యలో ఒక గుడిసె. దాని దగ్గరికి ఎవడూ తిన్నగా నడిచి రాకూడదు. బోర్డు దగ్గర నిలబడి ఈల వెయ్యాలి. లోపల్నుంచి ఈల జవాబొస్తే రావచ్చు. జవాబు రాలేదంటే పైన గువ్వలున్నాయన్నమాట, వాన పడినా పిడుగు పడినా కదలకుండా నిలబడాలి. బోర్డు దూరం కూడా చూసి పెడతారు, ఈల మనిషికి వినబడాలి, గువ్వల్ని లేపకూడదు.

సోలాంజ్‌కి ఈల రాదు. పుట్టాక ఎన్నడూ రాలేదు. చిన్నప్పుడు తండ్రి నేర్పబోయి విసిగిపోయి, దీని నోరు మాటలకే చేశాడు దేవుడు అన్నాడు. పెళ్లయ్యాక అర్మాన్ ఒక రేకు ఈల కొనిపెట్టాడు, సూపు క్యారేజీ తెచ్చినప్పుడల్లా ఊదడానికి. అది రోజూ వాడే సంచిలో ఉంది. ఇవాళ చేతిలో ఉన్నది పెళ్లి సంచి, అందులో రుమాలు తప్ప ఇంకేమీ పట్టదు. సోలాంజ్ పెదాలు ముడిచి ఊదింది. గాలి వచ్చింది. మళ్లీ ఊదింది. వేడి టీ చల్లార్చుకుంటున్న చప్పుడు వచ్చింది. ఒళ్లు మండిపోయింది ఆవిడకి. ఈలేమిటి, బోర్డేమిటి, నా కూతురి పెళ్లి, గొంతెత్తి అరుస్తాను, అడవంతా లేచిపోనీ అనుకుని, నిండుగా ఊపిరి పీల్చింది.

అప్పుడు పైన చెట్టు కొసన మదాం రెక్కలు టపటపా కొట్టింది.

ఆ చప్పుడు సోలాంజ్‌కి తెలుసు. లోపల ఎవరో తాడు లాగారు. ఊరికే లాగరు. పీల్చిన ఊపిరి పీల్చినట్టే ఆగిపోయింది. మెడ వంగిపోయింది, మొహం నేలకి దిగింది, చేతులు కోటు జేబుల్లోకి పోయాయి. ఉత్తరం నుంచి ఏదో పెద్ద వస్త్రం లాగినట్టు చప్పుడు వచ్చి, ఇసక మీద ఎండ మాయమైంది. మళ్లీ ఎండ వచ్చింది. మళ్లీ మాయమైంది. చుట్టూ తిరుగుతున్నాయి. కనుకొసల్లోంచి చూస్తే తెలుస్తోంది, ఇది మామూలు గుంపు కాదు. ఆవిడ తండ్రి బతికున్నప్పుడు ఒక్కసారి ఇలాంటిది వచ్చిందని చచ్చేదాకా చెప్పుకున్నాడు.

పోనీలే, పోతాయి, పోగానే అరుస్తాను అనుకుంది. అవి పోలేదు. మొదటిది వచ్చి ఓక్ చెట్టు చివర వాలింది. వేగు అది. తల అటూ ఇటూ తిప్పింది. ఇంకో నాలుగు వాలాయి. ఆ తర్వాత ఎన్నని చెప్పాలి, కొమ్మలు బరువుకి వంగుతున్నాయి, ఓక్ కాయలు టపటపా రాలి కోటు మీద పడుతున్నాయి. సోలాంజ్ చెప్పుల్లో పాదాలు చచ్చిపోయాయి. ముక్కు మీదికి సాలీడొకటి దిగుతోంది. దాన్ని తోలుకోవాలని కూడా లేదు. రెండు దాటింది, మూడింటికి అక్కడ మెట్ల మీద పిల్ల ఒంటరిగా నిలబడుతుంది, నువ్విక్కడ బొమ్మలా నిలబడ్డావేమే అని తనని తను తిట్టుకుంది. తిట్టుకుంటూనే ఉంది, కదలడం మాత్రం లేదు. అంతకంటే సిగ్గుచేటు ఇంకోటి జరిగింది. దిగండమ్మా, దిగండి, జొన్నలున్నాయి, దిగండి అని పెదాలు వాటంతట అవే గొణుగుతున్నాయి.

ముప్పై ఏళ్లుగా ఆ మొగుణ్ణి అన్న మాటలన్నీ ఆ క్షణంలో ఎవరైనా ఆవిడకి అప్పజెప్పి ఉంటే, ఎక్కడ దాక్కునేదో తెలియదు.

వెనకాల ఇసకలో అడుగుల చప్పుడైంది. సోలాంజ్ తల తిప్పకుండా కళ్లు మాత్రం తిప్పింది. సిల్వీ. తెల్లటి పెళ్లి గౌను, అంచు రెండు చేతులా మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకుంది, కాళ్లకి చిన్నప్పటి రబ్బరు బూట్లు. జుట్టులో తెల్ల పూలు. అంత తెలుపు ఆ అడవిలోకి అక్టోబరులో ఎన్నడూ వచ్చి ఉండదు. సోలాంజ్ జేబులోంచి చెయ్యి కొంచెం బయటికి తీసి, అరచెయ్యి నేలకి చూపిస్తూ, ఆగు, కూచో, కూచో అని సైగ చేసింది.

సిల్వీ ఆగింది. కూర్చోలేదు. తల్లి మెడదాకా బిగించుకున్న ఆ పాత కోటుని చూసింది, దించిన మొహాన్ని చూసింది, జుట్టులో చిక్కుకున్న ఓక్ ఆకుని చూసింది. పైకి చూడలేదు. చూడక్కర్లేదు, అర్థమైంది.

"నువ్వు కూడానా అమ్మా," అంది.

అది కూడా గుసగుసగానే అంది. అది గమనించి తన మీద తనకే కోపం వచ్చినట్టుంది, పెదవి కొరుక్కుంది. వాలాయి, కాసేపట్లో దిగుతాయి, దిగాక వల లాగుతారు, వెంటనే పిలుద్దాం అని సోలాంజ్ గొణిగింది. చెబుతుంటేనే ఆ మాటలు ఎవరివో తెలుస్తున్నాయి. మార్టిన్ పండుగ వెళ్లాక చూద్దాం అన్నట్టే ఉన్నాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి ఆవిడకి, అవమానంతో.

సిల్వీ గౌను అంచు వదిలేసింది. అది ఇసకలో పడింది. రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేసింది. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. దానికి ఆరేళ్లప్పుడు అర్మాన్ వేసవి సెలవల్లో గుర్రం మీద కూర్చోబెట్టుకున్నట్టు భుజాల మీద కూర్చోబెట్టుకుని నేర్పిన ఈల అది. ఆ అడవిలో అలా ఈల వేసేవాళ్లు ఇద్దరే. కొమ్మల మీద గువ్వలు తలలెత్తాయి. మెడలు సాగాయి. ఎగరలేదు, ఇంకొక్క చప్పుడైతే లేచిపోయేలా ఉన్నాయి.

లోపల్నుంచి జవాబు రాలేదు.

"ఇప్పుడు వెయ్యడే," అంది సోలాంజ్. "పైన వాలి ఉన్నాయి. ఎవడూ వెయ్యడు. నీకు తెలుసుగా."

"తెలుసు. తెలిసే వేశాను."

"ఇంకోసారి వెయ్యి పోనీ."

"వెయ్యను," అంది సిల్వీ. "బోర్డు మీద ఏముంది? ఈల వేసి ఆగమనుంది. వేశాను. ఆగాను."

చేతులు కట్టుకుని నిలబడింది. మొహం ఎర్రబడి ఉంది. ఇరవై తొమ్మిదేళ్ల పిల్ల, కానీ సోలాంజ్‌కి మాత్రం సైకిలు మీంచి పడి, చెయ్యి వేలాడేసుకుని, నాన్న రాడా అని అడిగిన పిల్లే కనబడింది. ఆ రోజు రాలేదు. ఇవాళ కూడా రాడు. ఇది వెళ్లిపోతుంది, లిల్ రైలు ఎక్కుతుంది, అంతే. ఆ మాటులో ఉన్న మనిషిని సోలాంజ్ అంతగా ఎన్నడూ అసహ్యించుకోలేదు. తనని కూడా.

అప్పుడు ఈల వినబడింది.

సొరంగంలోంచి. ఒకటి పొడుగు, రెండు పొట్టివి. రావచ్చు అని.

ఆకాశం మీదికి ఎవరో రాళ్లబండి తిరగేసినట్టయింది. అడవిలో ఉన్న గువ్వలన్నీ ఒక్కసారి లేచాయి. ఓక్ కాయలు వడగళ్లలా రాలాయి, ఈకలు, ఆకులు, రెట్టలు, అన్నీ. సిల్వీ గౌను మీద కూడా పడ్డాయి. ఆ రొద దక్షిణం వైపు, కొండల వైపు పోయి పోయి సన్నబడిపోయింది. ఆ తర్వాత వినబడింది మార్సో గొంతు. వాడు ఆ ఊరి పాత భాష గాస్కన్‌లో మొదలుపెట్టి, ఫ్రెంచిలోకి వచ్చి, మళ్లీ గాస్కన్‌లోకి పోయి తిట్టాడు. గువ్వలు వాలి ఉండగా లోపల్నుంచి ఈల వేసినవాడు ఆ అడవి పుట్టాక లేడనీ, వాడి తాత కూడా సమాధిలో తిరగబడతాడనీ, ఇక జన్మలో ఆ మనిషి పక్కన కూర్చోననీ తిట్టాడు. మధ్యలో అర్మాన్ గొంతు ఒక్కసారే వినబడింది.

"మా అమ్మాయి పిలిచిందిరా," అన్నాడు.

సొరంగం మూలనుంచి నాలుగు కాళ్ల మీద పాకుతూ బయటికి వచ్చాడు. మోకాళ్లకి మట్టి, గడ్డంలో రొట్టె పొట్టు, తల నిండా ఫెర్న్ ఆకులు. లేచి నిలబడడానికి కాస్త టైము పట్టింది. నడిచి వచ్చి సిల్వీ ఎదురుగా ఆగాడు. బూట్లనుంచి పూలదాకా చూశాడు.

"తెల్లబట్టలు కట్టుకుని అడవిలోకి రాకూడదని ఎన్నిసార్లు చెప్పాను," అన్నాడు.

మొహం అదోలా అయిపోయింది. సిల్వీ అతని తలలోంచి ఒక్కొక్క ఆకూ ఏరుతోంది, ఏరి విసురుగా కింద పడేస్తోంది, కోపంగానే. పదింటికే లేచాను, లేస్తుంటే ఒక గుంపు వచ్చింది, అది పోయాక లేచాను, ఇంకోటి వచ్చింది, ఇదుగో వస్తున్నా ఇదుగో వస్తున్నా అనుకుంటూనే ఉన్నాను అని అర్మాన్ చెప్పుకుపోతున్నాడు. నువ్వు పుట్టినప్పుడు కూడా అలాగే అనుకుంటూనే ఉన్నాను అన్నాడు. సిల్వీ చెయ్యి ఆగింది.

"కారెక్కు నాన్నా," అంది.

కారు సోలాంజ్ నడిపింది. నడిపిందా, ఎగరేసిందా అన్నట్టు నడిపింది. అర్మాన్ పక్క సీట్లో ప్యాంటు మార్చుకుంటూ తల కప్పుకి కొట్టుకున్నాడు. సిల్వీ తన కారు అడవి మొదట్లోనే వదిలేసి వెనక సీట్లో గౌను దులుపుకుంటూ కూర్చుంది. కాసేపటికి అర్మాన్ భార్య వైపు చూశాడు. ఆవిడ ఇంకా ఆ ఆకుపచ్చ కోటు విప్పలేదు. భుజాల మీద ఓక్ కాయ టోపీలున్నాయి.

"నువ్వెప్పుడొచ్చావు?" అన్నాడు.

"ఇప్పుడే," అంది సోలాంజ్.

అర్మాన్ ఆ కాయ టోపీ ఒకటి తీసి చూశాడు. ఆ భుజం మీద సాలీడు గూడు కూడా అల్లుకుంది. టై ముడి వేసుకోవడం మొదలుపెట్టాడు. రోడ్డు ఎక్కాక సోలాంజ్ ఉండబట్టలేకపోయింది.

"మా నాన్న చెప్పిన గుంపుకంటే పెద్దదంటావా?"

"అంతకు రెండింతలు," అన్నాడు అర్మాన్, గొంతు తగ్గించి. "ఇంకొక్క నిమిషం ఆగితే..."

"మీ ఇద్దరూ నోళ్లు మూస్తారా," అంది వెనకనుంచి సిల్వీ.

మూశారు.

టౌన్ హాలు ముందుకి వచ్చేసరికి మూడు కొట్టింది. ఉప మేయరు నడుముకి మూడు రంగుల పట్టీ చుట్టుకుని గుమ్మంలో నిలబడి గడియారం చూసుకుంటోంది. లిల్ వాళ్లు ఒక పక్క, ఊరివాళ్లు ఒక పక్క. బెన్వా పరిగెత్తుకొచ్చి కారు తలుపు తీశాడు, పెళ్లికూతురి గౌను మీది రెట్ట మరకలు చూసి, మామగారి చెవిలో ఉన్న ఆకు చూసి, ఇవాళ బాగా పడ్డాయా అండీ, గువ్వలు, అన్నాడు. గువ్వలు అన్నాడు. అర్మాన్ అతని భుజం తట్టాడు. ఒక్కటి కూడా పడలేదు బాబూ అన్నాడు.

పెళ్లయింది. తండ్రి చెయ్యి పట్టుకునే సిల్వీ లోపలికి నడిచింది. బయటికి వచ్చాక మెట్ల మీద అందర్నీ నిలబెట్టి ఫోటో తీయబోయాడు ఫోటోగ్రాఫరు. అందరూ సర్దుకున్నారు, ఇటు చూడండి, నవ్వండి అన్నాడు. సరిగ్గా అప్పుడే ఉత్తరం వైపునుంచి చర్చి గంటగోపురం మీదుగా గువ్వల గుంపొకటి వచ్చింది.

ఆ ఫోటో ఇప్పుడు సోలాంజ్ వంటింట్లో గోడకి ఉంది. లిల్ వాళ్లందరూ నోళ్లు తెరుచుకుని ఆకాశంలోకి చూస్తున్నారు. ఊరివాళ్లందరూ, ఉప మేయరు సహా, ఎవరో తిట్టినట్టు తలలు దించుకుని నేల చూస్తున్నారు. అర్మాన్ ఒక్కడు పైకీ చూడడం లేదు, కిందకీ చూడడం లేదు. అతను పక్కకి తిరిగి సిల్వీని చూస్తున్నాడు. వచ్చినవాళ్లందరికీ ఆ ఫోటో చూపించి, ముప్పై ఏళ్లకి ఒక్కసారి ఈ మనిషికి బుద్ధి వచ్చింది చూడండి అని చెబుతుంది సోలాంజ్. నువ్వెక్కడున్నావని అడిగితే మాత్రం చిరాకు పడుతుంది. రెండో వరసలో ఉంది ఆవిడ, కానీ మొహం కనబడదు. గులాబీరంగు టోపీ కనబడుతుంది.